మన నెత్తురే మనకు మందా? ప్లేట్లెట్ సూది కథ, మన హాలులో పెట్టిన శిబిరం సంగతి



గత ఏడాది దీపావళి తర్వాత మన సంఘం హాలులో మోకాళ్ల నొప్పుల శిబిరం జరిగింది, గుర్తుండే ఉంటుంది. బ్యానర్ మీద మన సంఘం పేరు వేయించింది మేమే. కుర్చీలు వేసింది, చాయ్ పోసింది కూడా మేమే. పరీక్ష ఉచితం అన్నారు, నిజంగా ఉచితమే. సూదులు మాత్రం ఉచితం కావు. మీ నెత్తురే తీసి, దాన్ని తిప్పి, అందులోని సారం మీ మోకాలికే ఎక్కిస్తామని చెప్పి, మూడు సూదులకు 24,000 రూపాయలు అన్నారు. పదకొండు మంది పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో తొమ్మిది మంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. చాట ఒళ్లో పెట్టుకొని ముప్పై నలభై ఏళ్లు కింద కూర్చున్న మోకాళ్లు అవి. ఎన్ని వేల బీడీలు చుడితే 24,000 చేతికొస్తాయో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆ సూది గురించి అప్పుడు మేము ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వచ్చినవాళ్లు చదువుకున్నవాళ్లు, స్క్రీన్ మీద బొమ్మలు చూపించారు, అంతే. ఆ తప్పు మాది.

ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మొన్నటి మీటింగులో ఆరోగ్య నిధి ముందుకు రెండు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి ఆ పదకొండు మందిలో ఒక అత్తమ్మది. నాలుగు నెలలు బాగుండి మళ్లీ నొప్పి మొదలైంది, రెండో విడత సూదులకు సాయం చేయండి అని. రెండోది ఒక కాకది. పవర్లూమ్ కార్ఖానాలో జాబర్‌గా చేసి రిటైరైన మనిషి. పద్నాలుగేళ్లుగా షుగర్. కుడి పాదం బొటనవేలి మొదట్లో పుండు పడి ఐదు నెలలైంది, మానడం లేదు. డాక్టరు ఆయన నెత్తురుతోనే ప్లేట్లెట్ జెల్ చేసి పుండు మీద వేద్దామన్నాడట. ఒక సభ్యుడు లేచి, "రెండూ ఒకటే మందు గదా, ఇస్తే ఇద్దరికీ ఇయ్యాలె, లేకుంటే ఎవ్వరికీ వద్దు" అన్నాడు. మాట న్యాయంగానే ఉంది. మా దగ్గర జవాబు లేదు. రెండు నెలలు టైం అడిగి, దొరికింది దొరికినట్టు చదివి, బ్లడ్ బ్యాంకులో పనిచేసే మన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాం. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక గందరగోళం తీసేద్దాం. మన గల్లీల్లో ప్లేట్లెట్లు అనగానే డెంగ్యూ గుర్తొస్తుంది. రాత్రి పూట ఫోన్లు, బొప్పాయి ఆకు రసం, కౌంట్ ఇరవై వేలకు పడిందని ఏడుపులు. అక్కడ ఎక్కించేది వేరే వాళ్లు దానం చేసిన ప్లేట్లెట్లు. ఇక్కడ మాట్లాడేది మన ఒంట్లోంచి తీసి మన ఒంట్లోకే పంపేది. దీన్ని పీఆర్‌పీ అంటున్నారు, అంటే ప్లేట్లెట్లు దండిగా ఉన్న ప్లాస్మా. రెండూ ఒకే ఇంట్లో పుట్టాయి గానీ తర్వాత దారులు వేరయ్యాయి.

ప్లేట్లెట్ చాలా చిన్నది. ఎర్రకణం కంటే చిన్నది, రెండు మూడు మైక్రాన్లు, మధ్యలో కేంద్రకం ఉండదు. మైక్రోలీటరు నెత్తురులో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఒక్కొక్కటి ఎనిమిది పది రోజులు బతుకుతుంది. ఇంత చిన్నది కాబట్టే చాలా రోజులు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మైక్రోస్కోపులో కనబడ్డా అద్దం మీది మురికి అనో, విరిగిన కణాల ముక్కలనో వదిలేసేవారు. 1865లో జర్మనీలో మాక్స్ షుల్జ్ వీటిని గురించి రాశాడు. 1874లో విలియం ఆస్లర్ రాశాడు. అయితే వీటికంటూ ఒక పని ఉందని తేల్చింది ఇటలీలో టూరిన్ నగరపు జూలియో బిజ్జోజెరో. 1881, 82లలో ఆయన బతికున్న జంతువుల సన్నని రక్తనాళాల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. నాళానికి దెబ్బ తగిలిన చోటికి ముందుగా ఈ చిన్న పలకలే వచ్చి అతుక్కుంటున్నాయి, ఒకదాని మీద ఒకటి పేరుకొని గండి పూడుస్తున్నాయి. చిన్న పలకలు అనే అర్థం వచ్చే పేరు పెట్టింది కూడా ఆయనే. ఇవి ఎముక మూలుగలోని పెద్ద కణాల నుంచి తెగి పడతాయని 1906లో బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ చూపించాడు. ఆయన తయారుచేసిన రంగు, రైట్ స్టెయిన్, ఇప్పటికీ లాబుల్లో వాడుతున్నారని మన పిల్లవాడు చెప్పాడు.

1910లో, అదీ బోస్టన్‌లోనే, విలియం డ్యూక్ అనే డాక్టరు ఒంట్లో ఎక్కడెక్కడో నెత్తురు కారుతున్న ముగ్గురు రోగులకు మరొకరి నెత్తురు ఎక్కించాడు. ప్లేట్లెట్ల లెక్క పెరిగింది, కారడం ఆగింది. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి నెత్తురు ఎంతసేపటికి ఆగుతుందో లెక్కకట్టే పరీక్ష కూడా ఆయనదే. అప్పటికి ప్లేట్లెట్ అంటే కారేదాన్ని ఆపేది, అంతవరకే.

నెత్తురును సీసాల్లో పట్టినన్ని రోజులు దాన్ని భాగాలుగా విడదీయడం కష్టంగా ఉండేది. ప్లాస్టిక్ సంచి వచ్చాక ఆ కష్టం తీరింది. ఆ సంచి 1950 ప్రాంతంలో కార్ల్ వాల్టర్ చేసిన పని. సంచిని నెమ్మదిగా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి, పైన ప్లేట్లెట్లు తేలే పసుపు ప్లాస్మా మిగులుతుంది. పీఆర్‌పీ అనే మాట అక్కడిది. దాన్ని మళ్లీ గట్టిగా తిప్పితే ప్లేట్లెట్లు అడుగున చేరతాయి. చల్లగా ఉంచితే పాడవకుండా ఉంటాయని అందరూ ఫ్రిజ్‌లో పెట్టేవారు. 1969లో మర్ఫీ, గార్డ్‌నర్ అనే ఇద్దరు, ప్లేట్లెట్లకు చలి పడదు, 22 డిగ్రీల దగ్గర ఉంచితేనే ఎక్కించాక ఎక్కువ కాలం బతుకుతాయి అని చూపించారు. బ్లడ్ బ్యాంకులో ప్లేట్లెట్ సంచులు ఉయ్యాలలాంటి యంత్రం మీద రాత్రీపగలూ ఊగుతూ ఉండటం చూసినవాళ్లకు తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా నెత్తురు ఆపే కథ. పుండు మానడానికీ దీనికీ సంబంధం ఎక్కడ వచ్చింది? ఇక్కడే మాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించిన ఘట్టం ఉంది. కొంచెం నిలబడి చూద్దాం.

అమెరికాలో సియాటిల్‌లో రస్సెల్ రాస్ అనే శాస్త్రవేత్త గుండె జబ్బుల మీద పనిచేస్తున్నాడు. రక్తనాళాల గోడలు ఎందుకు మందమవుతాయన్నది ఆయన ప్రశ్న. గోడల్లోని కండర కణాలను గాజు పాత్రలో పెంచేవాడు. వాటికి తిండిగా సీరం వేయాలి. నెత్తురు గడ్డ కట్టాక మిగిలే పసుపు నీరు సీరం. గడ్డ కట్టనివ్వకుండా కణాలన్నీ తీసేస్తే మిగిలేది ప్లాస్మా. చూడటానికి రెండూ ఒకటే. సీరం వేస్తే కణాలు గుంపులుగా పెరిగేవి. కణాలు తీసేసిన ప్లాస్మా నుంచి చేసిన సీరం వేస్తే కదలకుండా కూర్చునేవి. తేడా ఏమిటి? మామూలు సీరంలో ప్లేట్లెట్లు పగిలి, లోపలిదంతా నీటిలో కలిసింది. రెండోదాంట్లో పగలడానికి ప్లేట్లెట్లే లేవు. ప్లేట్లెట్లను మళ్లీ కలిపి చూస్తే పెరుగుదల తిరిగి వచ్చింది. 1974లో ఆయన బృందం ఈ సంగతి అచ్చువేసింది. ప్లేట్లెట్ గండి పూడ్చే మట్టి ముద్ద అనుకున్నారు ఇన్నాళ్లూ. చూస్తే అది సంచిలో సరుకు మోసుకు తిరుగుతోంది, గాయమైన చోట పగిలి, చుట్టుపక్కల కణాలను లేచి పని మొదలుపెట్టండని పిలుస్తోంది. ఆ సరుకులో ఒకదానికి పీడీజీఎఫ్ అని పేరు వచ్చింది. తర్వాత ఇంకా చాలా దొరికాయి.

మరో సంగతి ఇక్కడే చెప్పాలి. 1983లో ఈ పీడీజీఎఫ్ నిర్మాణాన్ని చదివి చూస్తే, కోతుల్లో కణితులు తెచ్చే ఒక వైరస్ జన్యువుతో దగ్గరి పోలిక కనబడింది. పెరగమని చెప్పే పదార్థం ఆగమని చెప్పేవాళ్లు లేనిచోట ఏం చేస్తుందో అన్న భయం ఆరోజు నుంచీ ఈ మందుల వెంటే ఉంది. పీడీజీఎఫ్‌ను ఫ్యాక్టరీలో తయారుచేసి షుగర్ పుండ్ల మీద రాసే పూతమందుగా 1997 చివర్లో అమెరికా అనుమతించింది. దాని పేరు బెకాప్లెర్మిన్. 2008లో క్యాన్సర్ గురించి గట్టి హెచ్చరిక అంటించారు, తర్వాత వచ్చిన లెక్కలు చూసి 2018లో ఆ హెచ్చరిక తీసేశారు.

సొంత ప్లేట్లెట్ల సరుకు తీసి మానని పుండ్ల మీద వేసి చూసింది మిన్నెసోటాలో డేవిడ్ నైటన్ బృందం. 1986లో ఫలితాలు వచ్చాయి. 49 మంది రోగులు, 95 పుండ్లు. అంతకుముందు మామూలు వైద్యంతో సగటున 198 వారాలు గడిచాయి, అంటే దాదాపు నాలుగేళ్లు. ఈ మందు వేశాక సగటున 10.6 వారాల్లో పూర్తిగా మూసుకున్నాయి. చదవగానే మాకు ఒళ్లు పులకరించింది. వెంటనే కాకకు ఫోన్ చేద్దామనిపించింది. మన పిల్లవాడు చెయ్యి పట్టి ఆపాడు. "పోలికకు మందు వేయని గుంపు ఏది?" అన్నాడు. లేదు. ఆ రోగులకు మందుతో పాటు పుండును శుభ్రంగా చెక్కి, చచ్చిన చర్మం తీసి, వారం వారం చూశారు. అదంతా కలిసి చేసిన పనిలో ప్లేట్లెట్ల వాటా ఎంతో ఎలా చెప్పగలం? 1990లో అదే బృందం పోలిక గుంపుతో చిన్న పరీక్ష చేసి మంచి ఫలితమే చూపించింది. 1991లో మరొక బృందం ఇంకా చిన్న పరీక్ష చేస్తే తేడా ఏమీ కనబడలేదు. ఈలోపే ఒక కంపెనీ ఊరూరా పుండ్ల కేంద్రాలు తెరిచి దీన్ని అమ్మడం మొదలుపెట్టింది. 1992లో అమెరికా ప్రభుత్వ వృద్ధుల బీమా, మెడికేర్, దీనికి పైసలు ఇవ్వమని తేల్చేసింది. ఈ సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి.

1987లో ఇటలీలో ఫెరారీ అనే వైద్యుడి బృందం గుండె ఆపరేషన్లలో రోగి సొంత పీఆర్‌పీని ముందే తీసి పెట్టుకొని తర్వాత తిరిగి ఎక్కించింది. అది మళ్లీ నెత్తురు ఆపే పనే. పీఆర్‌పీకి ఈనాటి పేరు తెచ్చింది మాత్రం దవడ డాక్టర్లు. 1998లో మయామీలో రాబర్ట్ మార్క్స్ బృందం దవడ ఎముక కోల్పోయిన 88 మందిని తీసుకొని, 44 మందికి ఎముక అంటుతో పాటు ప్లేట్లెట్లు, 44 మందికి ఒట్టి అంటు పెట్టింది. ఆరు నెలలకు చూస్తే ప్లేట్లెట్లు వేసిన చోట ఎముక సాంద్రత 74 శాతం, వేయనిచోట 55 శాతం. ఆ తర్వాత పళ్ల డాక్టర్ల గదుల్లోకి సెంట్రిఫ్యూజ్‌లు చేరాయి. 2001లో ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ మరీ సులువు చేశాడు. గడ్డకట్టకుండా ఆపే మందు కలపకుండానే నెత్తురును తిప్పి, జిగురు పొరలాంటి ఫైబ్రిన్ ముద్దనే తీశాడు. దాన్ని పీఆర్‌ఎఫ్ అంటారు.

ఇక పండ్ల నుంచి మోకాలికి ఎలా దిగిందో చూడండి. 2006లో కాలిఫోర్నియాలో మిశ్రా, పావెల్కో అనే ఇద్దరు మోచేతి నొప్పికి ఇరవై మంది మీద చూశారు. పదిహేను మందికి పీఆర్‌పీ, ఐదుగురికి మత్తుమందు సూది. బాగుందన్నారు. 2009 ఫిబ్రవరిలో అమెరికా ఫుట్‌బాల్ పెద్ద పోటీకి ముందు హైన్స్ వార్డ్ అనే ఆటగాడు మోకాలికి ఈ సూది వేయించుకొని బరిలో దిగాడు, జట్టు గెలిచింది. ఇంకేముంది, పేపర్లు నిండిపోయాయి. ఒక మనిషి, ఒక మోకాలు, ఒక ఆట. దాంతో ఈ సూది ప్రపంచమంతా చుట్టేసింది. ఎంతదాకా వెళ్లిందంటే, క్రీడల డోపింగ్ సంస్థ వాడా 2010లో కండలోకి ఈ సూది వేయడాన్ని నిషేధించింది, 2011లో మళ్లీ నిషేధం తీసేసింది. దొంగ బలం ఇస్తుందని రుజువు దొరకలేదు.

అదే 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందికి మడమ వెనక నరం నొప్పికి పీఆర్‌పీ వేసి, సగం మందికి ఉప్పునీళ్లు వేసి చూశారు. ఎవరికేం వేశారో రోగికి తెలియదు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, సమానంగా. 2021లో బ్రిటన్‌లో 240 మందితో మళ్లీ చూస్తే మళ్లీ తేడా లేదు.

మోకాలి సంగతి మనవాళ్లకు కావాల్సింది. మన దేశంలోనే, చండీగఢ్ పీజీఐలో, 78 మంది రెండేసి మోకాళ్లకు, అంటే 156 మోకాళ్లకు పరీక్ష చేసి 2013లో ఫలితాలు ఇచ్చారు. ఒక గుంపుకు ఒక సూది, ఒక గుంపుకు రెండు, మూడో గుంపుకు ఉప్పునీళ్లు. పీఆర్‌పీ వేసినవాళ్లకు నొప్పి తగ్గింది. ఒక సూదికీ రెండు సూదులకూ తేడా లేదు. ఆరు నెలలు వచ్చేసరికి ఆ గుణం కాస్త తగ్గుముఖం పట్టింది. ఇది మన అత్తమ్మ చెప్పినదానికి దగ్గరగానే ఉంది కదా అనుకున్నాం. తర్వాత 2021లో ఆస్ట్రేలియా నుంచి పెద్ద పరీక్ష వచ్చింది. 288 మంది, వారానికొకటి చొప్పున మూడు సూదులు, ఏడాది పాటు లెక్క. పదికి ఇంత అని నొప్పిని కొలిస్తే పీఆర్‌పీ వాళ్లకు 2.1 తగ్గింది, ఉప్పునీళ్ల వాళ్లకు 1.8 తగ్గింది. అంత చిన్న తేడాను తేడా అనరు. స్కానింగులో మృదులాస్థి అరుగుదల కూడా రెండు గుంపుల్లో ఒకేలా ఉంది.

ఆ పరీక్షను తప్పుపట్టిన డాక్టర్లూ ఉన్నారు. వాళ్లు వాడిన కిట్‌లో ప్లేట్లెట్ల లెక్క తక్కువ, అందుకే పని చేయలేదంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. మన నెత్తురు ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒక యంత్రం రెట్టింపు చేస్తుంది, మరొకటి ఐదింతలు చేస్తుంది. ఒకరు తెల్లకణాలు ఉంచుతారు, ఒకరు తీసేస్తారు. మార్క్స్ అయితే మైక్రోలీటరుకు పది లక్షల ప్లేట్లెట్లు ఉంటేనే పీఆర్‌పీ అనాలన్నాడు. అందరూ ఒకే పేరుతో పిలుస్తున్నారు గానీ సీసాలో ఉన్నది ఒకటే సరుకు కాదు. మన భాషలో చెప్పాలంటే నూలు నంబరు చెప్పకుండా చాదర్ అమ్మినట్టు. మన శిబిరంలో వేసిన సూదిలో ఎన్ని ప్లేట్లెట్లు ఉన్నాయో మేము తర్వాత అడిగాం. లెక్కపెట్టలేదన్నారు.

మేము ఆ పదకొండు మంది ఇళ్లకూ వెళ్లాం. ఏడుగురు మొదటి మూడు నాలుగు నెలలు నయమనిపించిందన్నారు. ముగ్గురికి ఏ తేడా లేదు. ఒకామెకు సూది వేసిన మోకాలు వారం రోజులు వాచి, తర్వాత మామూలైంది. నయమన్న ఏడుగురిలో ఇప్పటికీ బాగుందనేవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే నొప్పి తగ్గింది. కాకపోతే ఉప్పునీళ్లు వేసినా నొప్పి అంతో ఇంతో తగ్గుతుందని చదివాక, ఆ 24,000లో ప్లేట్లెట్లకు ఎంత, సూదికి ఎంత, నమ్మకానికి ఎంత అన్నది తేల్చి చెప్పడం మావల్ల కాలేదు. ఒక పెద్దమ్మ అయితే, "సూది పడ్డంక వారం దినాలు చాట పట్టలే, కూసోలే, గందుకే తగ్గిందేమో" అంది. రెండు నెలల చదువులో మాకు తట్టని మాట ఆమెకు తట్టింది.

ముఖాలకు, జుట్టుకు వేసే పీఆర్‌పీ గురించి ఎక్కువ రాయం. పెళ్లిళ్ల సీజన్‌లో మన పిల్లలు వెళ్తున్నారని తెలుసు. ఒక్కటే చెప్తాం. అమెరికాలో న్యూమెక్సికోలో ఒక స్పాలో ఇలాంటి ముఖం సూదులు వేయించుకున్న ఆడవాళ్లలో హెచ్‌ఐవీ బయటపడింది. 2018లో మొదలైన విచారణ వివరాలు 2024లో వచ్చాయి. పేరు రాయని నెత్తురు గొట్టాలు వంటగది బల్ల మీద, తిండి పెట్టే ఫ్రిజ్‌లో దొరికాయి. మన నెత్తురే మనకు అనే మాట, గొట్టం మీద మన పేరు ఉన్నంతవరకే నిజం.

ఇక కాక పుండు. ఇక్కడ కథ వేరే దారి పట్టింది. మెడికేర్ 1992లో తలుపు వేసిందన్నాం కదా. 2012లో పరీక్షల్లో చేరిన రోగులకు మాత్రం ఇస్తామని తలుపు ఓరగా తెరిచింది. 2018లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ పత్రికలో ఒక పరీక్ష వచ్చింది. బ్రిటన్, డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో షుగర్ పాదం పుండు మొండికేసిన 266 మంది. అందరికీ ముందు నాలుగు వారాలు మామూలు వైద్యం సరిగ్గా చేశారు. అప్పటికీ మానని వాళ్లలో సగం మందికి వారం వారం వాళ్ల నెత్తురుతోనే చేసిన బిళ్ల, తెల్లకణాలు, ప్లేట్లెట్లు, ఫైబ్రిన్ కలిసిన పొర, వేశారు. ఇరవై వారాల్లో బిళ్ల వేసినవాళ్లలో 34 శాతం మందికి మానింది, వేయనివాళ్లలో 22 శాతం మందికి. పుండు మానిందా లేదా తేల్చినవాళ్లకు ఎవరికి ఏం వేశారో తెలియదు. 2021లో మెడికేర్ షుగర్ పుండ్లకు ఇరవై వారాల పాటు పైసలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. మోకాలి నొప్పికి అలా ఒప్పుకోలేదు.

మన దగ్గర, బెంగళూరులో కూడా మానని కాలిపుండ్ల మీద డాక్టర్లు చూశారు. 24 మంది, 33 పుండ్లు, 2014లో ఫలితాలు మంచిగా వచ్చాయి. అయితే అది పోలిక గుంపు లేని చిన్న పని.

34కు 22. మీటింగులో ఈ అంకెలు చెప్పినప్పుడు ఒకరు, "ఇంతేనా, వందలో పన్నెండు మందికేనా?" అన్నారు. అవును, ఇంతే. అయితే పాదం పోవడం అంటే ఏమిటో మన గల్లీల్లో చూశాం. ముందు వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా. ఆ పన్నెండు మందిలో కాక ఉండవచ్చు.

బిళ్ల వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ అందరికీ ముందు చేసిన ఆ మామూలు వైద్యం ఏమిటని అడిగితే, దాని కథ మన దేశంలోనే ఉంది. తమిళనాడు వేలూరులో పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1946 నుంచి కుష్ఠు రోగుల చేతులు, కాళ్ల మీద పనిచేశాడు. వాళ్ల పాదాల పుండ్లు కుళ్లుతున్నది రోగం వల్ల కాదు, స్పర్శ లేక అదే చోట మీద నడుస్తూ ఉండటం వల్ల అని ఆయన పట్టుకున్నాడు. పుండు ఉన్న పాదానికి మోకాలి కింద దాకా ఒంటికి అంటుకునేలా పట్టీ కట్టేవారు. బరువు పాదమంతా పంచుకునేది, పుండు మీద ఒత్తిడి తగ్గేది, వారాల్లో మానేది. 1960లలో ఆయన అమెరికా వెళ్లాక అదే పట్టీ షుగర్ పాదాలకు పాకింది. ఇప్పుడు ప్రపంచమంతా షుగర్ పుండుకు మొదటి మందు అదే, ఒత్తిడి తీసేయడం. ప్లాస్టర్ పొడి, దూది, చేయి తిరిగిన మనిషి ఉంటే చాలు.

మా కాక పాదానికి ఐదు నెలల్లో ఒక్కసారి కూడా అలాంటి పట్టీ కట్టలేదు. ఎవరూ చెప్పలేదట. ఆయన రోజూ అదే చెప్పుల మీద గుడికి నడిచి వెళ్లి వస్తున్నాడు. పాదంలోకి నెత్తురు సరిగ్గా దిగుతోందో లేదో చూసే పరీక్ష కూడా చేయించలేదు. నెత్తురే దిగని పాదం మీద నెత్తురు సారం వేసి ఏం లాభం?

కాబట్టి నిధి కమిటీ ఇలా నిర్ణయించింది. అత్తమ్మ రెండో విడత సూదులకు నిధి నుంచి ఇవ్వడం లేదు. ఆమెకు అది బాధ కలిగించింది, మాతో ఇప్పుడు సరిగ్గా మాట్లాడటం లేదు. ఆమె బీడీలు చుట్టే చోట ఎత్తుగా కూర్చోవడానికి బల్ల చేయించి ఇస్తామన్నాం, ఫిజియోథెరపీకి మూడు నెలలు ఇస్తామన్నాం. ఇంకా ఒప్పుకోలేదు. కాకకు ముందు నెత్తురు ప్రసారం పరీక్ష, షుగర్ అదుపు, ఒత్తిడి తీసే పట్టీ, వీటికి పూర్తిగా ఇచ్చాం. నాలుగు వారాలు చూసి, మానే దారిలో లేకపోతే ప్లేట్లెట్ జెల్‌కు ఇరవై వారాల వరకు ఇస్తాం. ఇకమీదట డబ్బు తీసుకొని వైద్యం చేసే ఏ శిబిరానికీ మన హాలు, మన పేరు ఇవ్వం. శిబిరం పెట్టినవాళ్లతో మాట్లాడి, మూడో సూది ఇంకా వేయించుకోని ఇద్దరికి ఆ సూది పైసలు వాపసు ఇప్పించాం. మిగతా వాళ్లవి రాలేదు.

కాక పుండు కొలతను మేమే తీస్తున్నాం. ప్రతి గురువారం పట్టీ మార్చేటప్పుడు పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టి అంచు చుట్టూ పెన్నుతో గీస్తారు. మొదటి గురువారం గీసిన గుండ్రం పాత రూపాయి బిళ్ల అంత ఉంది. మొన్న మూడో గురువారం గీసినది దాని మీద పెట్టి చూస్తే, చుట్టూ ఒక గోరంత ఖాళీ కనబడింది. వచ్చే గురువారం నాలుగోది.